గీతకు పైన, గీతకు కింద

బైబిల్‌ను సొంతంగా, శ్రద్ధగా చదువుకోవాలనుకున్నవారు మొదట అడిగే ప్రశ్న ‘ఏ స్టడీ బైబిల్ మంచిది?’ అని. అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి. స్టడీ బైబిల్ పేజీలో రెండు రకాల రాతలుంటాయి. గీతకు పైన లేఖనం, గీతకు కింద దానికి ఎవరో రాసిన వివరణ. రెండూ ఒకే అట్టల మధ్య అచ్చయ్యాయి కాబట్టి కొన్నేళ్లు చదివేసరికి ఏది వాక్యమో, ఏది వ్యాఖ్యానమో మనసులో కలిసిపోతుంది. అందుకే ముందు అనువాదం ఎంచుకోవాలి, అదీ ఒకటి కాదు, రెండు. నోట్సు సంగతి ఆ తర్వాత, అవి ఎవరివో తెలుసుకున్నాకే చూడాలి.

గీతకింది రాతకు ఎంత బలముందో చరిత్రే చెబుతుంది. 1560లో వచ్చిన జెనీవా బైబిల్ అంచుల నిండా నోట్సుతో ఇంగ్లండులో ఇంటింటికీ చేరింది. ఫరో ఆజ్ఞను మీరి హెబ్రీ మగశిశువులను బ్రతకనిచ్చిన మంత్రసానులు ఆ మీరడంలో తప్పు చేయలేదని నిర్గమకాండం మొదటి అధ్యాయం దగ్గర ఒక నోటు ఉంది. రాజును ధిక్కరించవచ్చని నేర్పే ఇలాంటి నోట్సు మొదటి జేమ్స్ రాజుకు గిట్టలేదు. 1604లో హాంప్టన్ కోర్టు సమావేశంలో ఆ మాట ఆయన బాహాటంగానే అన్నాడు. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్లో హెబ్రీ, గ్రీకు మాటల వివరణ, సమాంతర వచనాలు తప్ప మరో నోటు ఉండకూడదన్న నియమం అలా పుట్టింది. అయినా అంచులు ఎక్కువ కాలం ఖాళీగా లేవు. సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని ఆర్చిబిషప్ అషర్ 17వ శతాబ్దంలో వేసిన లెక్క తర్వాతి ముద్రణల్లో ఆదికాండం పక్కకు చేరింది. అది లేఖనంలోనే ఉందని తరాల తరబడి జనం నమ్మారు. అక్కడున్నది ఒక పండితుడి కూడికలు, తీసివేతలు మాత్రమే.

1909లో అమెరికా పాస్టరు స్కోఫీల్డ్ తెచ్చిన రిఫరెన్స్ బైబిల్ కథ మనకు ఇంకా దగ్గరిది. దేవుడు మనుషులతో వ్యవహరించిన తీరును ఏడు యుగాలుగా విభజించి చెప్పే పద్ధతిని, 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ ప్రచారం చేసిన ధోరణిలోనే, స్కోఫీల్డ్ తన నోట్సులో పొందుపరిచాడు. సంఘం ఎత్తబడటం, శ్రమల కాలం, వెయ్యేండ్ల పాలన వరుసగా జరుగుతాయని మన సంఘాల్లోనూ వినిపించే బోధ ఇంత విస్తరించడానికి ఈ పుస్తకం ఒక పెద్ద కారణం. ఆ బోధ తప్పో ఒప్పో ఇక్కడ తేల్చబోవడం లేదు. క్రైస్తవ సంఘంలో భిన్నాభిప్రాయాలున్న విషయంలో ఒక పక్షం వాదనే వాక్యంతో పాటు అదే పేజీలో అచ్చయితే, మరో పక్షం ఉందన్న సంగతే చదువరికి తెలియకుండా పోతుంది. నన్ను కలవరపెట్టేది అదే.

ఇక అనువాదాలు. తెలుగు విశ్వాసి నాలుక మీద ఉన్నది బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం. ప్రసంగ వేదిక మీద చదివేదీ, పిల్లలు కంఠస్థం చేసేదీ అదే. దాన్ని వదులుకోమనడం నా ఉద్దేశం కాదు. ఆ గ్రాంథిక వాక్యాల నడకకు సాటి లేదు. కానీ చెవికి అలవాటైనంత మాత్రాన అర్థం తెలిసినట్టు కాదు. పౌలు పత్రికల్లోని పొడవాటి వాక్యాలను పాత అనువాదంలో చదివి, వెంటనే బిబ్లికా వారి తెలుగు సమకాలీన అనువాదంలోనో మరో వాడుకభాష అనువాదంలోనో చదివితే, ఇన్నాళ్లూ ఎక్కడ అర్థం కాకుండానే దాటిపోయామో బయటపడుతుంది. రెండూ తేడాగా చెప్పినచోట ఆగాలి. సొంత అధ్యయనం అక్కడ మొదలవుతుంది.

ఇన్ని అనువాదాలు చదివితే విశ్వాసం గందరగోళంలో పడదా అని కొందరు అడుగుతారు. కొత్త అనువాదాలు వచనాలను తీసేస్తున్నాయన్న భయం కూడా ఉంది. 1 యోహాను 5:7 చూడండి. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురని చెప్పే వాక్యం కింగ్ జేమ్స్ బైబిల్లో ఉంది, కొత్త ఇంగ్లీషు అనువాదాల్లో చాలావాటిలో లేదు. మనం ప్రాణంగా చూసుకునే తెలుగు పాత అనువాదంలోనూ లేదు. ఎవరో కుట్ర పన్ని తీసేసింది కాదు. పురాతన గ్రీకు ప్రతుల్లో ఆ వాక్యం కనబడదు. ఎరాస్మస్ అనే పండితుడు తన గ్రీకు కొత్త నిబంధన మొదటి రెండు ముద్రణల్లో దాన్ని చేర్చలేదు, ఒత్తిడి వచ్చాక 1522 నాటి మూడో ముద్రణలో చేర్చాడు. కింగ్ జేమ్స్ అనువాదకులకు అందింది ఆ వరుసలో వచ్చిన పాఠమే. అనువాదాలు ఎన్నో ఉండటం లేఖనాల భావం తెలుసుకోవడానికి మేలు చేస్తుందని అగస్టీన్ పేరు చెప్పి తమ ముందుమాటలో రాసినవారు కూడా ఆ అనువాదకులే. గందరగోళం భయం నిజమైనదే కానీ, ఒక్క అనువాదాన్నే పట్టుకున్నంత మాత్రాన అది పోదు. ఎప్పుడో ఒకరోజు రెండోది కంటబడుతుంది, అప్పుడు జవాబు చెప్పేవారుండరు.

బలమైన ఆక్షేపణ మరొకటుంది. అపొస్తలుల కార్యాల 8వ అధ్యాయంలో రథం మీద యెషయా గ్రంథం చదువుకుంటున్న ఐతియొపీయుడు, ఎవరైనా వివరించకపోతే తనకెలా తెలుస్తుందని ఫిలిప్పును అడిగాడు. సామాన్య చదువరికీ తోడు కావాలి కదా? కావాలి. అయితే ఫిలిప్పు పక్కన కూర్చున్నాడు, ప్రశ్న వేస్తే బదులిచ్చాడు. నోటును ఎదురు ప్రశ్న అడగలేం. అందుకే సమాచారం ఇచ్చే నోటుకూ తీర్పు చెప్పే నోటుకూ తేడా తెలియాలి. మత్తయి 18లో ఒక దాసుడు పదివేల తలాంతులు బాకీపడ్డాడు, తోటి దాసుడు అతనికి నూరు దేనారాలు బాకీ. దేనారం ఒక రోజు కూలి, తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే మొదటి అప్పు ఆరు కోట్ల రోజుల కూలి, రెండోది నూరు రోజులది. ఈ చిన్న నోటు లేకుండా ఆ ఉపమానం సగమే అందుతుంది. పటాలు, కొలతలు, ఆచారాలు, రాతప్రతుల తేడాలు చెప్పే నోట్సును ధైర్యంగా వాడుకోవచ్చు. సిద్ధాంతం చెప్పే నోట్సును మాత్రం, అధ్యాయాన్ని రెండు అనువాదాల్లో చదివి సొంతంగా ఆలోచించుకున్నాకే చూడాలి. యేసు మాటలను అచ్చువేసే ఎర్ర అక్షరాలు కూడా వివరణ కిందికే వస్తాయి. 1899లో మొదలైన ఆ పద్ధతిలో యేసు మాటలు ఎక్కడ ముగుస్తాయో నిర్ణయించేది సంపాదకులు. యోహాను 3లో నికొదేముతో ఆయన సంభాషణ 15వ వచనంతో ముగిసిందా, 21తోనా అన్నది పండితులు ఇంకా చర్చిస్తున్నదే.

ఇంగ్లీషు చదవగలిగినవారికి ఎంపిక ఎక్కువ. 1985లో వచ్చిన ఎన్‌ఐవీ స్టడీ బైబిల్ ఇవాంజెలికల్ పండితులది. 2008 నాటి ఈఎస్‌వీ స్టడీ బైబిల్ సంస్కరణవాద ధోరణికి దగ్గర. న్యూ ఆక్స్‌ఫర్డ్ యానొటేటెడ్ బైబిల్ విశ్వవిద్యాలయ చదువు కోసం తయారైంది. 66 పుస్తకాలా, తోబీతు, యూదితు, మక్కబీయుల వంటివి కలిసిన కతోలిక 73 పుస్తకాలా అన్నది కూడా ముందే చూసుకోవాలి. తెలుగైనా ఇంగ్లీషైనా, కొనేముందు మూడు చోట్ల తెరిచి చూడండి. మార్కు 16:9-20 సినాయ్, వాటికన్ ప్రతుల్లో లేదన్న సంగతి చెప్పారా? ఆదికాండం మొదటి అధ్యాయంలోని దినాల గురించి భక్తులైన పండితులే వేర్వేరుగా అర్థం చేసుకున్నారని ఒప్పుకున్నారా? ప్రకటన 20లోని వెయ్యేండ్ల గురించి ఒక్క అభిప్రాయమే ఇచ్చారా, మిగతావీ న్యాయంగా వివరించారా? మూడుచోట్లా ఒకే గొంతు వినిపిస్తే ఆ పుస్తకాన్ని కొనకూడదని కాదు. కొంటే మరో సంప్రదాయంవారి నోట్సు ఒకటి పక్కనే ఉంచుకుని, వివాదం ఉన్న అధ్యాయాల దగ్గర రెండూ చూడాలి.