గోరు చెప్పే లోతు

హైదరాబాద్–విజయవాడ హైవే మీద ముందు పోతున్న టిప్పర్ చక్రం కింద నుంచి ఒక గులకరాయి లేచి బానెట్‌కు టక్కున తగులుతుంది. ఆపి చూస్తే జొన్నగింజంత చోట రంగు ఎగిరిపోయి, లోపల రేకు మెరుస్తుంటుంది. ఇంత చిన్నదానికి ఏమవుతుందిలే అని చాలామంది వదిలేస్తారు. అదే తలుపు మీద ఎవరో బైక్ హ్యాండిల్‌తో బారెడు గీత గీసిపోతే ఆ పూట అన్నం సయించదు. చిత్రమేమిటంటే, చాలాసార్లు ఆ బారెడు గీత కంటే ఈ జొన్నగింజే కారుకు ఎక్కువ చేటు చేస్తుంది.

కారణం పొరల్లో ఉంది. ఫ్యాక్టరీలో రేకుకు ముందు ఫాస్ఫేట్ పూత పూస్తారు. తర్వాత బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, కరెంటు సాయంతో తుప్పు పట్టనివ్వని పూత ఎక్కిస్తారు. దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్‌కోట్. ఇన్ని కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ప్రింటర్‌లో పెట్టే కాగితమంత, లేదా ఇంకాస్త. గీత క్లియర్‌కోట్‌లోనే ఆగితే అది కంటికి కనిపించే లోపం మాత్రమే. రేకు దాకా దిగితే నీళ్లూ గాలీ కలిసి లోపల్లోపల తుప్పు పట్టిస్తూ చుట్టూ ఉన్న మంచి రంగును కూడా పైకి లేపేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఉప్పుగాలి ఈ పనిని ఇంకా తొందరగా చేస్తుంది. ప్లాస్టిక్ బంపర్‌కు మాత్రం ఈ భయం లేదు. దానికి తుప్పు పట్టదు కాబట్టి అక్కడి గీతకు తొందరపడక్కర్లేదు.

లోతు తెలుసుకోవడానికి మీటర్లేమీ అక్కర్లేదు. కడిగి తుడిచాక, గీతకు అడ్డంగా గోటిని మెల్లగా జరపాలి. గోరు నున్నగా జారిపోతే గీత పైపైనే ఉన్నట్టు. రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్ది, ఆపైన పాలిష్ పడితే సరిపోతుంది. వీడియోల్లో కనిపించే టూత్‌పేస్ట్ మాయ కూడా ఇలాంటి గీతలకే పరిమితం. అందులోనూ అరగదీసే పొడి ఉంటుంది మరి. ఒక్కోసారి అసలు గీతే ఉండదు. తెల్ల కారు మీద కనిపించే పసుపు చార రాసుకుపోయిన ఆటో రంగు కావచ్చు, కాంపౌండ్ పెట్టి తుడిస్తే పోతుంది. రుద్దేటప్పుడు గుడ్డకు సొంత కారు రంగే అంటుకుంటుంటే మాత్రం ఆపేయాలి. పైన క్లియర్‌కోట్ అయినా లేదు, లేదా అరిగి రంగు బయటపడింది.

గోరు తట్టుకుంటే టచప్ రంగు వేయాల్సిందే. తెల్ల కారుకు ఏదో ఒక తెల్ల రంగు చాలనుకుంటే పొరపాటు. ఒకే కంపెనీ అమ్మే తెలుపుల్లోనే తేడాలుంటాయి. డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీదో, ఇంజిన్ దగ్గరో ఉండే ప్లేటు మీద సాధారణంగా కలర్ కోడ్ ఉంటుంది, అది చూసే కొనాలి.

ఇక రాయి దెబ్బ. ఆ చోటును సబ్బునీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి జిడ్డు పోగొట్టాలి. తుప్పు మొదలై ఉంటే సన్న వాటర్ పేపర్ ముక్కను పుల్ల చివర చుట్టి, గుంట లోపల మాత్రమే గీకాలి. రేకు కనిపిస్తే ముందు ప్రైమర్ చుక్క పెట్టాలి. రంగు వేయడానికి బాటిల్‌తో వచ్చే కుంచె కంటే టూత్‌పిక్ మేలు, ఎందుకంటే కుంచె గుంటకు మూడింతలు పూస్తుంది. చుక్క గుంట మధ్యలో పెడితే రంగు దానంతటదే అంచులకు పాకుతుంది. ఆరేకొద్దీ కుంగుతుంది కాబట్టి ఆరనిచ్చి మళ్లీ మళ్లీ పెట్టాలి. చివర క్లియర్‌కోట్ చుక్క వేసి, అది ఉపరితలం కంటే ఆవగింజలో అరవయ్యో వంతు ఎత్తుగా ఉండనివ్వాలి. బాగా గట్టిపడ్డాక 2000 నంబర్ వాటర్ పేపర్‌ను తడిపి ఆ ఎత్తును మాత్రమే తీసి, కాంపౌండ్‌తో మెరుపు తెప్పించాలి. ఇంటి పని చెడేది ఎక్కువగా ఈ చివరి మెట్టు దగ్గరే. చుట్టుపక్కలంతా రుద్దేసి, జొన్నగింజ మచ్చను అరచేయంత చేసుకుంటారు.

ఎండకు కాలిన బానెట్ మీద ఈ పని పెట్టుకోకూడదు. ముసురు రోజుల్లోనూ వద్దు, గాలిలోని తేమకు కొన్ని రంగులు ఆరుతూ తెల్లగా పాలిపోతాయి.

సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్ కార్లవాళ్లు ఆశ కాస్త తగ్గించుకోవాలి. ఆ రంగుల్లో ఉండే అల్యూమినియం రేణువులు గన్‌తో కొడితే ఒక తీరుగా, చుక్క పెడితే ఇంకో తీరుగా పడుకుంటాయి. అందుకే కోడ్ సరిగ్గా కలిసినా ఆ చోటు కాస్త ముదురుగానో, మసకగానో కనిపిస్తుంది. అయినా తుప్పు ఆగుతుంది, వేసింది అందుకే. హార్డెనర్ కలిసే రెండు భాగాల క్లియర్ స్ప్రేని మాత్రం ఇంట్లో కొట్టకపోవడమే మంచిది. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు చేటు, మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. అరచేతిని మించిన దెబ్బ, సొట్ట పడి లప్పం పెట్టాల్సిన చోటు పెయింటింగ్ షాపుకే వదిలేయాలి.

చిన్న గీతకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా గిట్టుబాటు కాదు. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా జేబు నుంచి పెట్టుకోవాల్సింది 1,000 రూపాయలు. దానికి తోడు క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ పోతుంది.

ఫ్యాక్టరీలో క్లియర్‌కోట్‌ను సుమారు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఇంటి ముందు ఆ వేడి రాదు కాబట్టి టచప్ పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఓ నెల రోజులు దాని మీద వ్యాక్స్ పెట్టకూడదు, సర్వీసింగ్‌లో వాటర్ గన్ దగ్గరగా పట్టొద్దని ముందే చెప్పాలి.