గేరులేని బండి, కుడిచేతి మణికట్టు

బెంగళూరు నగరమునకు ఆగ్నేయదిశగా, హోసూరు రోడ్డునకును సర్జాపుర రోడ్డునకును నడుమ, బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ (బి.డి.ఏ.) వారు ఏడు సెక్టార్లుగా విభజించి, మెయిన్లు, క్రాసులు అని నిలువుగీతలు అడ్డగీతలు గీచి ఏర్పరచిన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో క్రొత్తగా కాపురము పెట్టిన తెలుగువారికి మొదటి నెలలోనే ఒక సంగతి తెలియవచ్చును. ఇచ్చట ఏదియు దూరము కాదు; కాని ఏదియు నడిచిపోవునంత దగ్గరయు కాదు. ఉదయపు నడకకు అగర చెరువుగట్టు, సాయంకాలపు కాఫీకి 27వ మెయిన్, కూరగాయలకు పరంగిపాళ్య, బస్సునకు సిల్క్‌బోర్డు కూడలి, అన్నియు కొద్ది కిలోమీటర్ల లోపలనే యున్నవి. అంత స్వల్పదూరమునకు ఆటోవాడు రాడు. వచ్చినను మీటరు వేయడు. 2025 ఆగస్టు 10న ఆరంభమైన మెట్రో పసుపు మార్గము వలన ఎలక్ట్రానిక్ సిటీకి పోవువారి కష్టము కొంత తీరినది గాని, ఇంటి గుమ్మము నుండి సిల్క్‌బోర్డు స్టేషను వరకు గల దూరము మాత్రము అట్లే మిగిలియున్నది. కనుకనే ప్రతి ఇంటి గేటు ముందు, ప్రతి పీజీ మెట్ల క్రింద, రెండు మూడు స్కూటర్లు నిలిచియుండును.

గుంటూరు నుండియు, కడప నుండియు, వరంగల్లు నుండియు ఉద్యోగములకై వచ్చిన యువతీయువకులలో చాలమంది తమ జీవితములో మొదటి బండిని కొనునది ఇచ్చటనే. ఏ సంస్థ చేసినదైనను, ఏ పేరు గలదైనను, గేరులేని స్కూటరును మనవారు స్కూటీ యనియే పిలుతురు. సైకిలు త్రొక్కను వచ్చును గదా, గేర్లు లేవు గదా, ఇక నేర్చుకొనవలసినదేమున్నదని కొనువారును, అమ్మువారును, ఇంటిలోని పెద్దలును ఏకకంఠముగా పలుకుచుందురు. నా యభిప్రాయము ఇందుకు భిన్నము. గేరును క్లచ్చును తీసివేయుటతో నేర్చుకొనవలసిన పని తగ్గినమాట నిజమే. కాని పూర్వము రెండు చేతులును కుడిపాదమును పంచుకొని మోసిన బాధ్యతలో పెద్దపాలు ఇప్పుడు ఒక్క కుడి మణికట్టు మీద పడినది. ఆ మణికట్టునకు శిక్షణ నిచ్చువారు మాత్రము అరుదు.

పూర్వము స్కూటరును సంపాదించుటయే ఒక తపస్సు. 1950 దశకమున బొంబాయిలోని ఏ.పి.ఐ. సంస్థ లాంబ్రెట్టాలను, 1960 ప్రాంతమున బజాజ్ సంస్థ ఇటలీ దేశపు వెస్పాలను మనదేశమున తయారుచేయ మొదలిడిన నాటినుండి, ప్రభుత్వపు లైసెన్సుల వలన ఉత్పత్తి పరిమితమై, కోరువారు అపరిమితులై, పేరు నమోదు చేయించుకొన్నవాడు ఏండ్లతరబడి ఎదురుచూడవలసి వచ్చెడిది. 1972లో వెలువడిన చేతక్ కొరకు పదేండ్లు వేచినవారున్నారు. విదేశీ ద్రవ్యము చెల్లింపగల బంధువు గలవానికి బండి త్వరగా దొరికెడిది. చేతికి వచ్చిన బండిని కొన్న ధరకన్న ఎక్కువకు అమ్ముకొన్నవారును లేకపోలేదు. హైదరాబాదులో గడియారములు, ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన ఆల్విన్ సంస్థ పుష్పక్ అను స్కూటరును సైతము తయారుచేసెను. ఎందరెక్కినను ఇంకొకరికి చోటుండుననెడి పురాణ ప్రసిద్ధిని మన కుటుంబములవారు ఆ బండి విషయమున అక్షరాలా నమ్మినట్లు కనబడును.

1984లో ఆరంభమైన కైనెటిక్ హోండా, బటను నొక్కగానే మేల్కొని, గేరు మార్చు ప్రసక్తి లేకుండ పోయెడి స్కూటరును మనవారికి చూపినది. తరువాతి దశకమున హోసూరులోని టి.వి.యస్. వారి స్కూటీ కళాశాల బాలికల చేతికి వచ్చినది. 2001లో హోండా యాక్టివా వచ్చిన పిమ్మట గేర్ల స్కూటరు క్రమముగా వీధులనుండి నిష్క్రమించినది. నేడు ఆ హోండావారి కర్మాగారములలో ఒకటి, తెలుగు మాట వీధివీధిని వినబడు కోలారు జిల్లాలోని నరసాపురమున ఉన్నది.

ఇచ్చట ఒక విషయము సావధానముగా గమనింపవలెను. చేతక్‌పై నేర్చుకొనువాడు ఎడమచేత క్లచ్చును పట్టి, ఆ చేతితోనే పిడిని త్రిప్పి గేరు వేసి, కుడిచేత పెట్రోలు అందించుచు, కుడిపాదమున వెనుక బ్రేకును కనిపెట్టుకొని యుండవలెను. వాడు పొరపాటున క్లచ్చును చప్పున వదలినచో బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయెడిది. చుట్టునున్నవారు నవ్వెడివారు, అంతకన్న అపాయము చాలవరకు లేకుండెడిది. గేరులేని బండి యందు వ్యవహారము తలక్రిందులు. భయపడినవాడు సహజముగా పిడిని గట్టిగా పట్టుకొనును. గట్టిగా పట్టుకొనునప్పుడు మణికట్టు క్రిందికి వంగును. మణికట్టు వంగగానే ఎక్సిలరేటరు తిరిగి, బండి ముందుకు దుముకును. దుమికిన బండిని చూచి భయము రెట్టింపై, పట్టు మరింత బిగియును. నేర్చుకొనువారు గేటునకును, నిలిపియున్న కారునకును పోయి తగులుటకు చాలవరకు హేతువిదియే.

యంత్రము లోపల జరుగునది తెలిసినచో ఈ భయము కొంత తగ్గును. ఇంజను నుండి చక్రమునకు శక్తిని గొనిపోవునది ఒక రబ్బరు బెల్టు. దానికి ముందొక కప్పీ, వెనుకనొక కప్పీ కలవు. ఇంజను వేగము హెచ్చినకొలది ముందుకప్పీలోని చిన్న రోలర్లు అంచులవైపు జరిగి, కప్పీ రెండు పలకలను దగ్గరకు నెట్టును. బెల్టు పైకి ప్రాకును. వెనుకకప్పీ దానికి తగినట్లు స్ప్రింగును అణచికొని విచ్చుకొనును. పూర్వము ఎడమచేయి చేసిన గేరు మార్పిడి యిట్లు ఎవరికిని తెలియకుండ జరిగిపోవును. క్లచ్చు మాయమైనదనుటయు సరికాదు. అది వెనుక చక్రము దగ్గర దాగియున్నది. ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నంతసేపు ఆ క్లచ్చు షూలు ముడుచుకొనియుండును; రేజ్ చేయగానే విచ్చుకొని చుట్టునున్న డ్రమ్మును పట్టుకొనును. కాబట్టి పిడిని పూర్తిగా వదలినచో ఇంజను నెమ్మదించి, బండి వేగము తగ్గి, తుదకు క్లచ్చు చక్రమును విడిచిపెట్టును.

విద్యుత్ స్కూటర్ల యందు బెల్టు రోలర్ల తంత్రము లేదు, క్లచ్చు మొదలే లేదు. మోటారు కదలిన తొలిక్షణముననే దాని బలము యావత్తు చక్రమునకు అందును. శబ్దమును లేదు గనుక, బండి ఆన్‌లో ఉన్నదన్న సంగతి మరచి పిడిని పట్టి ప్రక్కకు జరుపబోయి, ముందునకు ఈడ్వబడువారు కలరు. 2018లో బెంగళూరులోనే తొలుత విడుదలయై, ఇప్పుడు హోసూరులో తయారగుచున్న ఏథర్ బండ్లు మొదలుకొని, తిరిగి వచ్చిన విద్యుత్ చేతక్ వరకు ఈ లేఅవుట్‌లో ఇవి విరివిగా తిరుగుచున్నవి. కొనదలచినవారు ధరకన్న ముందు విచారింపవలసినది ఛార్జింగు. సొంత పార్కింగులో ప్లగ్గు పాయింటు ఉన్నవారికి సుఖము. పీజీలో నుండువారు యజమాని అంగీకారమును, అపార్టుమెంటువారు అసోసియేషను అంగీకారమును ముందుగా అడిగి తెలిసికొనుట మేలు.

పెట్రోలు స్కూటర్లపై జి.యస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. విద్యుత్ బండ్లపై అది 5 శాతమే. షోరూములో పెద్ద అక్షరములతో వ్రాసిన ధరకు జీవితకాల పన్నును, రిజిస్ట్రేషను రుసుమును, అయిదేండ్ల థర్డ్‌పార్టీ బీమాను కూడగా వచ్చునది ఆన్-రోడ్ ధర. మనము ఇంటిలో లెక్క వేసికొనవలసినది దానినే. గార్డు, మ్యాటు, సీటు కవరు, ఏదో పూత యని బిల్లులో చేరునవి ఐచ్ఛికములు. వలదన్నచో ఎవరును బలవంతపెట్టజాలరు. హెల్మెట్టు మాత్రము బండితోపాటు తయారీదారే ఇయ్యవలెనని నియమము కలదు. కర్ణాటకమున వెనుక కూర్చుండువారికిని హెల్మెట్టు 2016 నుండి తప్పనిసరి గనుక రెండవది కొనక తప్పదు, కొనునప్పుడు ఐ.యస్.ఐ. గుర్తును చూడవలెను.

బండి నడుపుట రానివారు ట్రయల్ రైడు చేయజాలరు. తెలిసిన స్నేహితుని తోడు తీసికొనిపోయినను, తాము చేయవలసిన పరీక్ష యొకటి కలదు. సీటుపై కూర్చుండి రెండు పాదములును నేలకు పూర్తిగా ఆనునో లేదో చూడవలెను. దిగి, సెంటరు స్టాండు వేసి తీయవలెను. సందులో వెనుకకు త్రిప్పి చూడవలెను. ఈ బండ్లు సుమారు నూరు కిలోల బరువుండును. రంగు నచ్చి కొన్న బండి బరువునకు లొంగకపోయినచో, అది వీధిలో కన్న పార్కింగులోనే ఎక్కువమారులు పడును.

ఊరిలో వాడకము లేక పడియున్న బండిని రైలు పార్సిలులో తెప్పించుకొను వారును మనలో చాలమంది. ఇట్టి ఏ.పి., టి.జి. నంబరు బండి పండ్రెండు మాసములకు మించి ఈ రాష్ట్రమున ఉండునెడల, పాత కార్యాలయము నుండి నిరభ్యంతర పత్రము తెచ్చి, ఇచ్చటి పన్ను కట్టి, కె.ఏ. నంబరు తీసికొనవలెనని చట్టము. కొలది కాలమే ఇచ్చట నుండబోవువారు ఈ లెక్క ముందే చూచుకొనవలెను.

నేర్చుకొనుటకు ఎల్.ఎల్.ఆర్., అనగా లెర్నర్స్ లైసెన్సు, కావలెను. పదునెనిమిదేండ్లు నిండినవారు సారథి పోర్టలులో దరఖాస్తు పెట్టి, రోడ్డు గుర్తుల పరీక్షలో నెగ్గినచో అది వచ్చును. ఆరు మాసములు చెల్లును. ముప్పది దినములు గడచినగాని పక్కా లైసెన్సు పరీక్షకు పోరాదు. బండికి ముందు వెనుకల తెల్లని పలకపై ఎఱ్ఱని ఎల్ అక్షరము ఉండవలెను. నేర్పువాడు తప్ప మరియెవరును వెనుక కూర్చుండరాదు. ఈ ముప్పది దినముల గడువును ఆటంకముగా భావించి విసుగుకొనువారే ఎక్కువ. నిజమునకు మణికట్టు లొంగుటకు అంతకాలము కావలెను.

లేఅవుట్ లోపలి క్రాసులు ఆదివారము తెల్లవారుజామున ఇందుకు చక్కని పాఠశాలలు. మూడవ సెక్టారులోని ఒక క్రాసులో, చెట్ల నీడ ఇంకను చిక్కగానే యున్న వేళ, ఒంగోలు యాసలో మాటలాడుకొనుచున్న అక్కాతమ్ముళ్ళ నిద్దరిని చూచితిని. అక్క బండిపై నున్నది. తమ్ముడు వెనుక కడ్డీని పట్టుకొని ప్రక్కనే పరుగెత్తుచున్నాడు.

“అక్కా, రేజ్ తగ్గించు! ముందు చెయ్యి వదులు, తర్వాత బ్రేకు పట్టు.”

“వదిలితే పడిపోతానేమోరా!”

“పడవులే. కాళ్ళు ఈడ్చొద్దు, పైన పెట్టు. చక్రం వంక చూడమాక, ఆ చివర కారు వంక చూడు.”

ఆ బాలుడు ఏ డ్రైవింగు స్కూలులోను బోధకుడు కాడు గాని, బోధింపవలసిన క్రమము వానికి తెలిసియున్నది. అతడు అక్కచేత మొదట ఇంజను ఆపించి, బండిని త్రోయించి, బ్రేకులు పట్టించి ఆపించెను; పిమ్మట మనిషి నడకంత వేగమున పోనిచ్చి, మరల మరల ఆపించెను. మణికట్టును పిడికన్న క్రిందికి జారనీయక, రెండు వేళ్ళు ఎల్లప్పుడు బ్రేకు మీటపై ఉంచుమని హెచ్చరించుచుండెను. ముందునకు పోవుట తరువాతి పాఠము.

ఈ సందర్భమున తండ్రులకొక విన్నపము. చేతక్ నడిపిన చేయి, గేరులేని బండి ఎక్కగానే ఎడమమీటను క్లచ్చనుకొని గుప్పున నొక్కును. ఇందు అది వెనుక బ్రేకు. 2019 ఏప్రిల్ నుండి అమ్మెడి చిన్న బండ్లలో ఆ ఎడమమీట నొక్కగా ముందు బ్రేకును కొంత పట్టునట్లు రెంటికిని సంధానము చేసిరి. ముందు బ్రేకు పట్టరాదని పూర్వులు భయపెట్టుటయు సగము మాటయే. బండి ఆగునప్పుడు బరువు ముందునకు వచ్చును గనుక ఎక్కువగా ఆపునది ముందు బ్రేకే. ఇసుక మీదను, హ్యాండిలు వంగియున్నప్పుడును దానిని గట్టిగా పట్టుట మాత్రము కూడదు. హెచ్‌ఎస్‌ఆర్‌లో కేబుళ్ళకో, పైపులకో రోడ్డు త్రవ్వి పూడ్చిన ప్రతిచోట ఇసుకయుండును; మలుపులకడ మరియు హెచ్చు.

ఇచ్చటి రోడ్లు వంకరలేనివి గనుక వేగమునకు పిలుచును. ఆ పిలుపులోనే మోసమున్నది. మెయినును క్రాసును కలియు నాలుగురోడ్ల మూలలందు సిగ్నలు ఉండదు, నిలిపిన కార్ల చాటున అవతలివాడు కనబడడు, ఎవరికివారు రెండవవాడే ఆగునని తలచి వచ్చుచుందురు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి, నడుపువాడు చూచి తెలిసికొను ఒక్క సెకనులో, బ్రేకు పట్టుటకు మునుపే 11 మీటర్లు పోవును. 20 వేగమున అందులో సగమే. స్కూటరు చక్రము చిన్నది గనుక మోటారుసైకిలు దాటిపోవు గుంటలో ఇది దిగబడును. హంపుల మీదను, వానకు నిండిన గుంటలమీదను నెమ్మదించుట బండి మేలు కొరకే యనుకొనరాదు.

సిల్క్‌బోర్డు కూడలికిని, అవుటర్ రింగు రోడ్డునకును తొలివారములలో పోవలసిన పని లేదు. అచ్చట బస్సు ప్రక్కన ఇరుకున ఆగుట, కాలు దించుట, మరల కదలుట, అడుగుకొక మారు జరుగును. నడకంత వేగమున బండిని నిలుపగలవారికే అది సాధ్యము. ఆర్.టి.ఓ. పరీక్షలో ఎనిమిది అంకెవలె గీచిన దారిలో కాలు నేల పెట్టక తిప్పి చూపుమనుటయు ఇందుకే. నేర్చుకొనువారు ఖాళీ స్థలములో రెండు చెప్పులు దూరముగా పెట్టి, వాని చుట్టు ఆ అంకె చుట్టుచు సాధన చేయుట నేను చూచినంతలో మంచి పద్ధతి.

పరీక్ష నెగ్గినవారికి వచ్చెడి కార్డుపై గేరులేని మోటారుసైకిలు అను వర్గము ముద్రించియుండును. దానితో యాక్టివాను, ఏథరును నడుపవచ్చును. ఒంగోలులో ఇంటి వసారాలో నాన్నగారి పాత చేతక్ ఉన్నచో, దానికి మరల వేరుగా ఎల్.ఎల్.ఆర్. తీసికొనవలెను.