విద్యుత్ కంబళి: కీళ్ళ నొప్పులకు ఎంతవరకు మేలు?

చలి మానవునికి అనాదిగా ఉన్న శత్రువు. దానిని ఎదుర్కొనుటకు మనిషి మొదట నిప్పును, పిమ్మట ఉన్నిని, ప్రత్తిని ఆశ్రయించాడు. తెలంగాణ పల్లెల్లో కురుమలు తయారుచేసే గొంగడి, హైదరాబాదు ఇళ్ళలో దూది నింపి కుట్టిన రజాయి, వాకిట్లో నెగడు, గదిలో కుంపటి, ఇవన్నీ ఆ పోరాటంలో మన పెద్దలు వాడిన సాధనాలే. ఈ వరుసలో ఆలస్యంగా వచ్చి చేరినది విద్యుత్ కంబళి.

ఆదిలాబాదు ప్రాంతంలోను, విశాఖ మన్యంలోని లంబసింగిలోను శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటిగ్రేడు కంటె దిగువకు పడిపోవడం కలదు. మిగిలిన తెలుగునాట అంతటి చలి అరుదు. అయినను విద్యుత్ కంబళి మన ఇళ్ళలోకి వస్తున్నది. దీనికి కారణం చలి ఒక్కటే కాదు. “మోకాళ్ళ నొప్పులకు మంచిది” అన్న మాట విని, తల్లిదండ్రులపై గల ప్రేమతో పిల్లలు దీనిని కొంటున్నారు. చలిదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నవారు అక్కడి నుండి తెచ్చి ఇస్తున్నారు. ఆ మాటలో నిజమెంత, ఆ ప్రేమ వెనుక దాగిన ప్రమాదమెంత అన్నది విద్యార్థులకు తెలియజెప్పడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

పుట్టుక, పనితీరు

సిడ్నీ రస్సెల్ అనే అమెరికా వైద్యుడు 1912లో విద్యుత్తుతో వేడెక్కే పరుపును రూపొందించాడు. ఆ రోజుల్లో క్షయరోగులను ఆరుబయట స్వచ్ఛమైన గాలిలో పడుకోబెట్టడం చికిత్సలో భాగంగా ఉండేది. చలికి వారు వణకకుండుటకు 1920 దశకంలో శానిటోరియములలో విద్యుత్ కంబళ్ళను వాడారు. వేడిని తనంతట తానే అదుపు చేసుకునే కంబళి 1936 నాటికి వచ్చినది. అనగా ఈ వస్తువు మొదట విలాసం కొరకు గాక రోగుల కొరకు ఉపయోగపడినదన్న మాట.

ఇది పనిచేసే సూత్రం మన భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథంలో ఉన్నదే. వాహకంలో విద్యుత్తు ప్రవహించినప్పుడు పుట్టే వేడి, విద్యుత్ ప్రవాహపు వర్గానికి, వాహకపు నిరోధానికి, కాలానికి అనుపాతంలో ఉంటుందని జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1841లో తెలియజేశాడు. కంబళి పొరల మధ్య సన్నని నిరోధక తీగ వంకరలు తిరుగుతూ అమర్చబడి ఉంటుంది. ఉదాహరణకు 60 వాట్ల కంబళిని తీసుకుందాం. మన దేశపు 230 వోల్టుల వద్ద దానిలో ప్రవహించే విద్యుత్తు సుమారు 0.26 ఆంపియర్లు, ఆ తీగ నిరోధం సుమారు 880 ఓములు. ఎనిమిది గంటలు వాడినను ఖర్చయ్యేది అర యూనిట్ లోపే. గదినంతా వేడిచేసే 2000 వాట్ల హీటరు ఒక్క గంటలోనే 2 యూనిట్లు తీసుకుంటుంది. గాలిని గాక మనిషిని మాత్రమే వెచ్చబరచడం వలన కలిగే పొదుపు ఇది.

ఇక్కడ విద్యార్థులు స్వయంగా లెక్కించి చూడదగిన విషయం ఒకటి ఉన్నది. అమెరికాలోని ఇళ్ళలో విద్యుత్తు 120 వోల్టులు. అక్కడి కంబళిని తెచ్చి ఇక్కడి ప్లగ్గులో పెట్టినట్లయితే తీగ నిరోధం అదే, వోల్టేజి మాత్రం దాదాపు రెట్టింపు. పుట్టే వేడి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది గనుక అది రెట్టింపుతో ఆగదు; సుమారు మూడున్నర రెట్లు దాటుతుంది. ప్లగ్గు మొన మార్చే చిన్న అడాప్టరు వోల్టేజిని మార్చదు. దూరదేశం నుండి వచ్చిన కానుకపై ముద్రించిన వోల్టేజి చదవకుండా దానిని వాడరాదు.

వేడి నొప్పిని ఎట్లు తగ్గిస్తుంది?

వేడితో నొప్పిని శమింపజేయడం కొత్త సంగతి కాదు. ఆయుర్వేదంలో స్వేదనం ఉన్నది. యునానీ వైద్యంలో కీళ్ళ నొప్పులను ‘వజా-ఉల్-మఫాసిల్’ అంటారు. కాపడం పెట్టుటను ‘తక్మీద్’ అంటారు. మన ఇళ్ళలో అమ్మమ్మలు, నాయనమ్మలు, దాదీలు, నానీలు ఇసుకమూటతోనో, ఉప్పుమూటతోనో, వావిలాకుతోనో పెట్టే కాపడం ఇదే. భాషలు వేరైనను అనుభవం ఒక్కటి.

ఈ అనుభవానికి ఆధునిక శాస్త్రం కొన్ని కారణాలు చూపుతున్నది. వేడి తగిలినచోట రక్తనాళాలు వ్యాకోచించి రక్తప్రసరణ పెరుగుతుంది. నొప్పికి భయపడి బిగుసుకొన్న కండరాలు సడలుతాయి. కీలు చుట్టూ ఉన్న కణజాలం కొంత సాగేగుణం పొందుతుంది. ఇంకొకటి నాడులకు సంబంధించినది. వెన్నుపాములో నొప్పి సందేశాలకు ఒక ద్వారం వంటిది ఉన్నదని, స్పర్శ మొదలైన ఇతర సందేశాలు వచ్చినప్పుడు అది కొంత మూసుకొంటుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. వెచ్చదనం వలన కలిగే ఉపశమనాన్ని వివరించుటలో ఈ సిద్ధాంతం నేటికీ ప్రస్తావింపబడుతున్నది. ఉదయం మంచం దిగగానే మోకాళ్ళు పట్టివేసినట్లుండే వృద్ధులకు, లేవడానికి ముందు అరగంట వెచ్చదనం నిజంగానే మేలు చేయగలదు.

అయితే పైనుండి తగిలే వేడి చర్మము దిగువ ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి అంతగా చొచ్చుకొని పోదు. అరిగిన మృదులాస్థిని అది తిరిగి మొలిపించదు. నొప్పి తగ్గినది గనుక వ్యాధి తగ్గినదని భావించడం పొరపాటు. కీలు అరుగుదల వలన వచ్చే ఆస్టియో ఆర్థరైటిస్‌లో వెచ్చదనం వలన కలిగిన సుఖాన్ని వ్యాయామానికి వినియోగించవలెను. తొడ కండరాలు బలపడినకొద్దీ మోకాలికి ఆసరా కలుగుతుంది. కాపడం ఆ వ్యాయామానికి సహాయకారి మాత్రమే.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ సంగతి వేరు. ఇందులో దేహరక్షణ వ్యవస్థయే కీళ్ళపై దాడి చేస్తుంది. దానిని అదుపు చేసే మందులు నేడు ఉన్నాయి. ఎంత త్వరగా ప్రారంభిస్తే కీళ్ళు అంతగా దక్కుతాయి. ఉదయంపూట వ్రేళ్ళ కీళ్ళు గంటకు పైగా బిగుసుకొని ఉండడం, రెండు చేతులలోను వాపు కనిపించడం జరిగితే, కంబళి క్రింద సుఖపడుతూ నెలలు గడపడం నష్టం. ఇక కీలు ఎర్రబడి, వాచి, తాకితే కాలుతున్నట్లున్నప్పుడు, ముఖ్యంగా గౌట్ వ్యాధి విజృంభించినప్పుడు, వేడి తగదు. చల్లని కాపడమే హితవు. దానికి జ్వరం కూడ తోడైతే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు పోవలెను.

తెలియకుండా కాలే చర్మం

అన్నిటికంటె ముఖ్యంగా మేము చెప్పదలచినది ఇదే. కాలుటకు నిప్పే తగలనక్కరలేదు. మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు 1947లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 60 డిగ్రీల వేడి కొన్ని సెకన్లలో చర్మాన్ని కాలుస్తుంది. 44 డిగ్రీల వేడి అయినను సుమారు 6 గంటలు అదేచోట నిలిస్తే కాల్చగలదు. ఆరు గంటలు అనగా దాదాపు ఒక రాత్రి నిద్ర.

ఆరోగ్యవంతునికి ఈ ప్రమాదం తక్కువ. ఎందుకనగా సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని గుర్తించి బాధగా తెలియజేసే గ్రాహకం నాడుల చివర ఉన్నది. మిరపకారం తగిలినప్పుడు మంట పుట్టించేది కూడ అదే. 1997లో దీనిని కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకొన్నాడు. ఈ కావలివాడు హెచ్చరించగానే మనం నిద్రలోనే కాలు ప్రక్కకు జరుపుకొంటాం.

కాని దీర్ఘకాలంగా మధుమేహంతో బాధపడేవారిలో పాదాల నాడులు దెబ్బతిని స్పర్శ మందగిస్తుంది. కావలివాడు ఉన్నను కేక వినపడదు. వేడి తగులుతున్నదని తెలియదు, కాలినదనీ తెలియదు. ఉదయం చూచేసరికి బొబ్బ కనిపిస్తుంది. రక్తప్రసరణ తగ్గిన పాదానికి ఆ చిన్న పుండు మానక, చీముపట్టి, చివరకు వ్రేలినో పాదాన్నో తొలగించవలసిన స్థితికి తీసుకొని పోవచ్చును. మధుమేహం, కీళ్ళ నొప్పి ఒకే మనిషిలో కలిసి ఉండడం మన ఇళ్ళలో సర్వసామాన్యం. కనుక ఈ కానుక ఎవరికి ఎక్కువగా ఇవ్వబడుతున్నదో, వారిలో చాలామందికి ఇదే ఎక్కువ ప్రమాదకరం.

పక్షవాతం వచ్చినవారు, నిద్రమాత్రలు వేసుకొన్నవారు, స్వయంగా స్విచ్చి తీయలేనివారు, పసిపిల్లలు దీనిని వాడరాదు. నొప్పి నివారణకు ఫెంటనిల్ వంటి మందుపట్టీ చర్మంపై అంటించుకొన్నవారికి వేడి తగిలితే మందు అధికంగా శరీరంలోకి పోయే అపాయం ఉన్నది. గర్భిణీ స్త్రీలు వైద్యుని అడిగి గాని వాడరాదు. కాలకున్నను ఒకేచోట ప్రతిదినం వేడి తగులుతూ ఉంటే చర్మంపై వలవంటి గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. కాశ్మీరులో దుస్తుల లోపల కాంగ్డీ అనే నిప్పుల బుట్ట పెట్టుకొనేవారిలో ఇటువంటి మచ్చలేగాక, ఏండ్ల తరబడి వాడగా చర్మపు క్యాన్సరు సైతం కనిపించినది.

వాడదలచినవారు పాటింపవలసినవి

పడుకొనుటకు అరగంట ముందు పడకను వెచ్చబరచి, పడుకొనునప్పుడు స్విచ్చి తీసివేయుట ఉత్తమం. నిద్రలో మన దేహపు లోపలి ఉష్ణోగ్రత సహజంగానే కొంత తగ్గుతుంది. రాత్రంతా వేడి ఉంటే ఆ సహజక్రమానికి భంగం కలిగి నిద్ర చెడుతుంది. ఐ.యస్.ఐ. ముద్ర, వేడి మితిమీరినప్పుడు తనంతట ఆగిపోయే ఏర్పాటు ఉన్నవానినే కొనవలెను.

పరుపుపై పరిచే కంబళిని కప్పుకొనరాదు. మడతపడిన కంబళిని వెలిగించరాదు. మడతలో పుట్టిన వేడి బయటకు పోలేక పేరుకొని తీగ పైపొరను కాలుస్తుంది. దాచునప్పుడు కూడ గట్టిగా మడవక, వదులుగా చుట్టవలెను. తడిసినదానిని వాడరాదు, పిన్నులు గ్రుచ్చరాదు, వేడినీళ్ళ సంచితో కలిపి వాడరాదు. తీగ బయటపడినా, మాడిన వాసన వచ్చినా, ఒకచోట మాత్రమే ఎక్కువగా వేడెక్కినా దానిని ఇంట్లో అతుకువేయక పారవేయవలెను.

కళాశాలలో ఓము సూత్రాన్ని, జౌలు నియమాన్ని చదువుకొంటున్న మన విద్యార్థులు ఆ చదువును ఇంటికి తీసుకొనిపోవలెనని మా కోరిక. కంబళి కొనే ముందు పెద్దలకు మధుమేహం ఉన్నదా అని విచారించండి. కండ్లు మూసుకోమని చెప్పి వారి అరికాలిని దూదితో మెల్లగా తాకి, తెలిసినదా అని అడగండి. తెలియదన్నచో కంబళిని ప్రక్కన పెట్టి వైద్యునికి చూపించండి. అటువంటివారికి ఉన్ని మేజోళ్ళు, మంచి రజాయి చాలును. తెలిసినదన్నంత మాత్రాన నాడులు పూర్తిగా బాగున్నవని కాదు గనుక, మధుమేహం ఉన్నవారు ఎట్లయినను వైద్యుని సలహా లేనిదే దీనిని వాడరాదు. ఇతరులకు కంబళి కొనియిచ్చినను, రాత్రి వారు పడుకొన్న పిమ్మట స్విచ్చి తీసివేసినారో లేదో ఒకసారి చూచి రండి. ఆ మాత్రపు శ్రద్ధ లేనిదే ఎంత ఖరీదైన కంబళి అయినను పెద్దలకు క్షేమం కాదని విన్నవించుకొంటున్నాము.