ఖరీఫ్ అయ్యాక రండి: సలాలాలో అడవి జీవాలను చూడాలనుకునేవాళ్ళకి



సలాలా అనగానే మన గ్రూపుల్లో వచ్చే ప్రశ్న ఒకటే: "ఖరీఫ్‌కి ఎప్పుడు రావాలి?" మనూళ్ళో ఖరీఫ్ అంటే వరి నాట్ల కాలం. ఇక్కడ ఖరీఫ్ అంటే జూన్ చివర్నుంచి సెప్టెంబర్ దాకా పడే సన్న తుంపర, పొగమంచు, పచ్చటి కొండలు. రెండూ ఒకటే అరబ్బీ మాట. గల్ఫ్ అంతా మాడిపోతుంటే ఇక్కడ శాలువా కప్పుకుంటాం కాబట్టి జనం విరగబడి వస్తారు. తప్పులేదు, మీరూ రండి.

కానీ పిల్లలకి అడవి జంతువులు, పక్షులు చూపించాలనుకుంటే మాత్రం నా మాట వినండి. నవంబర్ నుంచి మార్చి మధ్యలో రండి. ఖరీఫ్‌లో కొండెక్కితే ముందున్న కారే కనపడదు, ఇక రాళ్ళ మధ్య మేక ఏం కనపడుతుంది? చలికాలంలో ఆకాశం తేటగా ఉంటుంది, వలస పక్షులు దిగుతాయి, అమ్మానాన్నలు కూడా హాయిగా నడవగలరు. స్కూళ్ళకి డిసెంబర్ సెలవులు ఎలాగూ ఉంటాయి.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఇది హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు సఫారీ బస్సు లాంటిది కాదు. టికెట్ తీసుకుని కూర్చుంటే పులి ఎదురుగా వచ్చి నిలబడే ఏర్పాటు ఇక్కడ లేదు. వెతుక్కోవాలి, ఆగాలి, ఒక్కోసారి ఏమీ కనపడకుండా తిరిగి రావాలి.

ఊళ్ళోనే మొదలుపెట్టండి: ఖోర్‌లు

ధోఫార్ తీరం వెంట వాగులు సముద్రంలో కలిసేచోట ఇసుక అడ్డుపడి మడుగులు ఏర్పడతాయి. వీటినే ఖోర్‌లంటారు. 1997లో ఒమన్ ప్రభుత్వం వీటిలో చాలావాటిని రక్షిత ప్రాంతాలుగా ప్రకటించింది. దహారీజ్ ఖోర్, అల్ బలీద్ ఖోర్ సలాలా ఊళ్ళోనే ఉన్నాయి. తూర్పున తాఖా, ఖోర్ రోరి. పడమర నలభై కిలోమీటర్ల దూరంలో ముగ్సైల్.

చలికాలం పొద్దున్నే వెళ్తే కొంగలు, బాతులు, ఉల్లంకి పిట్టలు, అదృష్టం ఉంటే ఫ్లెమింగోలు కనిపిస్తాయి. మన పేపర్లవాళ్ళు రాజహంసలని రాస్తారే, అవే. పులికాట్ సరస్సులో దిగేవి, సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ చేసేది వీటికోసమే. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్ళకి ఇక్కడ వాటిని చూస్తే పుట్టింటి చుట్టం కనపడినట్టే ఉంటుంది.

ఖోర్ రోరి గట్టు మీద సుమ్‌హురం అనే పాత రేవు శిథిలాలున్నాయి. రెండు వేల ఏళ్ళ కింద ఇక్కడి సాంబ్రాణి ఓడలెక్కింది. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అమ్మానాన్నలకి చరిత్ర, పిల్లలకి పక్షులు, మనకి గాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కూడా వీలైన చోటు.

రైసూత్ గద్దలు

రైసూత్ వైపు చెత్త వేసేచోటు పక్షుల పిచ్చివాళ్ళకి ఏళ్ళుగా పేరున్న జాగా. వాసన సంగతి నేను దాచను. కానీ చలికాలంలో మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి వచ్చే స్టెప్పీ ఈగిల్ అనే పెద్ద గద్దలు గుంపులుగా వాలతాయి, తెల్ల కొంగలూ వస్తాయి. ఈ గద్ద ప్రపంచంలో అంతరించే ప్రమాదమున్న పక్షుల్లో ఒకటి.

నర్సు అక్కలకి ఒక సంగతి. మనం నొప్పికి రోజూ ఇచ్చే డైక్లోఫెనాక్ ఉంది కదా, అదే మందు పశువులకి వేస్తే, ఆ పశువు చచ్చాక తిన్న రాబందుల కిడ్నీలు పాడై ఇండియాలో లక్షల్లో చచ్చిపోయాయి. అందుకే 2006లో పశువులకి దాన్ని నిషేధించారు. రాజస్థాన్‌లో చనిపోయిన స్టెప్పీ గద్దల్లో కూడా ఆ మందు ఆనవాళ్ళు దొరికాయి. ఒక దేశంలో పశువుకి వేసిన ఇంజెక్షన్ ఇంకో దేశం పక్షి ప్రాణం తీయగలదని రైసూత్‌లో నిలబడి పిల్లలకి చెప్పండి, గుర్తుంటుంది.

కొండల మీద

వాదీ దర్బాత్‌కి అందరూ వెళ్తారు. అక్కడ గుంపులుగా తిరిగే ఒంటెలు అడవివి కావు. ప్రతి ఒంటెకీ ఒక యజమాని ఉంటాడు. అడవి జీవిని చూడాలంటే రాళ్ళ వైపు చూడండి. కుందేలంత సైజులో, తోక లేకుండా, గోధుమ రంగులో ఎండ కాగుతూ కూర్చునేది రాతి హైరాక్స్. చూస్తే ఎలుక జాతి అనిపిస్తుంది గానీ, దీని దగ్గరి చుట్టం ఏనుగు! మా ఇంట్లో పిల్లలు ఇప్పటికీ నమ్మరు.

అరేబియాలో ఉండే ఈ హైరాక్స్ రకం శాస్త్రీయ నామంలో 'జయకారి' అని ఉంటుంది. 19వ శతాబ్దంలో మస్కట్‌లో పనిచేసిన మన దేశపు డాక్టర్ ఆత్మారామ్ జయకర్ పేరది. వైద్యం చేస్తూనే జంతువుల, చేపల నమూనాలు సేకరించి బ్రిటిష్ మ్యూజియంకి పంపాడు. ఉత్తర ఒమన్ కొండల్లో ఉండే అరేబియన్ తార్ అనే కొండమేకకి కూడా ఆయన పేరే. మనకంటే వందేళ్ళ ముందు ఒక భారతీయుడు ఇక్కడ ఆసుపత్రి డ్యూటీ చేసుకుంటూ ఇంత పని చేశాడు.

మిర్బాత్ వైపు వెళ్ళి పైకెక్కితే తావీ అతైర్. పేరుకి అర్థం 'పక్షుల బావి'. రెండు వందల మీటర్ల పైన లోతున్న పెద్ద గొయ్యి. లోపల్నుంచి పక్షుల కూతలు పైకి వినిపిస్తుంటాయి. అంచు దగ్గర పిల్లల చెయ్యి వదలొద్దు.

చిరుత కనపడుతుందా?

చుట్టాలందరూ అడిగేది ఇదే. సూటిగా చెప్తాను: కనపడదు.

సలాలాకి తూర్పున ఉన్న జబల్ సమ్హాన్‌ని 1997లో రక్షిత ప్రాంతం చేశారు, సుమారు 4,500 చదరపు కిలోమీటర్లు. అరేబియా చిరుతకి మిగిలిన చివరి ఇళ్ళలో ఇదొకటి. ప్రపంచం మొత్తం మీద అడవిలో ఉన్నవి 200 కంటే తక్కువ. మన నల్లమల మగ చిరుత యాభై, అరవై కిలోలు తూగుతుంది. ఇక్కడి మగది సుమారు 30 కిలోలే. అంటే పదేళ్ళ పిల్లాడి బరువు. దీని గురించి తెలిసిందంతా దాదాపు రాళ్ళ మధ్య పెట్టిన కెమెరాల వల్లే. ఏళ్ళ తరబడి ఆ కొండల్లో తిరిగినవాళ్ళకే ఎదురుపడటం అరుదు.

2023లో ఐక్యరాజ్యసమితి ఫిబ్రవరి 10ని అరేబియా చిరుత దినంగా ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో మన తిరుమల అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నపిల్లని పొట్టన పెట్టుకుంది, ఆ తర్వాత భక్తుల చేతికి కర్రలిచ్చారు. ఆ తల్లి దుఃఖం తలుచుకుంటే ఎవరికైనా గుండె చెరువవుతుంది. అందుకే ఇంటి దగ్గరివాళ్ళు చిరుత అనగానే భయపడతారు. ఇక్కడి కథ తిరగబడింది, మనుషులకే అది భయపడి దాక్కుంటుంది. మేకల్ని, ఒంటె పిల్లల్ని చంపుతుందని కాపర్లకీ దానికీ ఏనాటి నుంచో పడదు. అది తినే కొండమేకలు, జింకలు తగ్గితే ఆ గొడవ ఇంకా పెరుగుతుంది.

కాబట్టి "ఇంకొంచెం లోపలికి పోనీ భయ్యా" అని డ్రైవర్ని బతిమాలొద్దు. రోడ్డు ఉన్న వ్యూ పాయింట్ దాకా వెళ్ళండి, బైనాక్యులర్స్‌తో లోయ అంచులు చూడండి. వంపు కొమ్ముల ఐబెక్స్ కొండమేక కనపడొచ్చు. రక్షిత ప్రాంతం లోపలికి పోవాలంటే ఎన్విరాన్‌మెంట్ అథారిటీ పర్మిట్ ఉండాలి.

ఓరిక్స్ నేర్పిన పాఠం

మస్కట్ హైవే మీద సగం దారిలో హైమా వస్తుంది. ఆ ఎడారి తెల్లటి ఓరిక్స్‌లది. అరబ్బీలో దాని పేరు 'మహా', మనం పెట్రోల్ పోయించుకునే అల్ మహా బంకు పేరు అదే. 1972లో అడవిలో చివరి ఓరిక్స్‌ని వేటగాళ్ళు చంపేశారు. అమెరికాలో ఫీనిక్స్ జూ లాంటి చోట్ల పెంచిన వాటి పిల్లల్ని 1982లో మళ్ళీ ఈ ఎడారిలో వదిలారు. అక్కడి హరాసీస్ తెగవాళ్ళే కాపలా కాశారు. 1994లో యునెస్కో గుర్తింపు వచ్చింది, 1996కి 450 అయ్యాయి.

తర్వాత వేటగాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి చంపడానికి కాదు, బతికినవి పట్టి అమ్ముకోడానికి. 2007కి మిగిలినవి 65. రక్షిత ప్రాంతాన్ని 90 శాతం తగ్గించేశారు. ఆ ఏడాదే యునెస్కో తన జాబితా నుంచి దాన్ని తీసేసింది. చరిత్రలో అలా తీసేసిన మొదటి చోటు అదే. ఇప్పుడు అక్కడ కంచె వేసి మళ్ళీ పెంచుతున్నారు. లోపలికి వెళ్ళాలంటే ముందే అనుమతి తీసుకోవాలి.

బయల్దేరే ముందు

- పొద్దున్న తొమ్మిదిలోపు, లేకపోతే సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళండి. మిట్టమధ్యాహ్నం జంతువులూ పడుకుంటాయి.
- చీకటి పడ్డాక కొండ రోడ్ల మీద కారు నడపొద్దు. ఒంటె అడ్డొస్తే దాని బరువంతా అద్దం మీద పడుతుంది. ఖరీఫ్‌లో ఒంటెల్ని మైదానంలోకి దింపుతారు, అప్పుడు ఇంకా జాగ్రత్త. అత్యవసరానికి 9999.
- వాగుల్లో, మడుగుల్లో పిల్లల్ని దింపొద్దు. నత్తల ద్వారా వచ్చే బిల్‌హార్జియా ధోఫార్‌లో ఉండేది. వాన పడితే వాగు ఎప్పుడు పొంగుతుందో తెలీదు.
- పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి. మిగిలింది జంతువులకి వెయ్యొద్దు, కవర్లు వెనక్కి తెచ్చుకోండి. ప్లాస్టిక్ తిని పశువులు చస్తాయి.
- కొండ మీద ఉండే ఆడవాళ్ళని అడక్కుండా ఫోటో తీయొద్దు. సలాం చెప్పి పలకరిస్తే చాలామంది టీ పోస్తారు.

ఆఖరిగా ఒక్కటి. ఏదైనా అరుదైన జంతువు కనిపిస్తే ఫోటో మన గ్రూపులో తప్పకుండా పెట్టండి, మేమూ సంతోషిస్తాం. లొకేషన్ పిన్ మాత్రం పెట్టొద్దు, ఫోటో తీసేటప్పుడు ఫోన్లో లొకేషన్ ఆపేయండి. మన మెసేజ్ ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి, అక్కడ్నుంచి ఎవరి చేతికి పోతుందో మనకి తెలీదు. ఓరిక్స్‌లని పట్టుకున్నవాళ్ళకి కావలసింది అవి ఎక్కడున్నాయన్న కబురే. "ధోఫార్ కొండల్లో చూశాం" అని రాస్తే మాకు చాలు.