పెరటి తోటకు విత్తు పెట్టడం

ఖిలా వరంగల్‌లో రాతికోటకూ మట్టికోటకూ నడుమ పొలాలున్న సంగతి మీకు తెలిసినదే. పొలం లేనివారికి సైతం ఇంటి వెనుక నాలుగు గజాల జాగా ఉండవచ్చు. ఆ జాగాలో మొదటిసారి కూరగాయలు వేయదలచినవారికి ఈ నాలుగు మాటలు. చేయి తిరిగినవారు నవ్వుకున్నా సరే, వారికీ ఒకటి రెండు సంగతులు పనికివస్తవి.

ఆ మధ్య కోటలో ఒక ఆమె నన్ను అడిగింది: "సారూ, బెండ గింజలు రెండుసార్లు పెట్టిన. ఒక్కటి గూడ మొలవలె. మా మన్నే మంచిగ లేదా?" మన్ను బాగానే ఉంది. గింజలు కిందటేటివి, పైగా పొయ్యి పక్క గూట్లో దాచినవి. వేడికీ తేమకూ వాటిలో జీవం చచ్చిపోయింది. రెండు దఫాలు పెట్టి ఎదురుచూసేసరికి మృగశిర పోయి ఆరుద్ర కూడా సగమైంది. గింజల ఖరీదు ఎంతని? పోయింది అదును. ఆ వానకాలమంతా ఆ ఇంట్లో బెండకాయ కొనుక్కొనే తిన్నారు.

కనుక మన్ను తవ్వకముందే గింజను పరీక్షించవలె. ఇరవై గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో పరచి, చుట్టచుట్టి నీడన ఉంచండి. గుడ్డ ఆరకుండా నీళ్ళు చిలకరించండి, నీళ్ళలో మాత్రం నానబెట్టవద్దు. చిక్కుడు జాతి నాలుగైదు రోజుల్లో, బెండ వారంలో తేలిపోతుంది. మిరప, వంకాయలకు రెండు వారాలు ఓపిక పట్టాలి. ధ్రువీకరించిన విత్తనానికి నిర్ణయించిన కనీస మొలక శాతం టమాటకు, వంకాయకు 70, బెండకు 65, మిరపకు 60. అంటే మంచి విత్తనమైనా నూటికి నూరూ మొలవాలని లేదు. ఇరవైలో పది మొలిస్తే రెట్టింపు గింజలు పెట్టండి. నాలుగైదే మొలిస్తే ఆ పొట్లం పారవేయండి, ఆశ పెట్టుకోకండి. కొనేటప్పుడు పొట్లం మీది బొమ్మ చూసి మురిసిపోక, పరీక్ష చేసిన తేదీ చూడండి. తొలిసారి ఇచ్చే గడువు ఆ తేదీ నుంచి తొమ్మిది నెలలే.

బెండ, గోరుచిక్కుడు, బీర, సొర వంటివి ఉన్నచోటనే పెట్టాలి. వీటి వేరు కదిలిస్తే ఓర్చదు. గింజ మందానికి రెండు మూడింతల లోతు చాలు. లోతుగా పెడితే మొలక పైకి రాలేక లోపలే కుళ్ళుతుంది. కాకర గింజ పెంకు గట్టిది, రాత్రి నానబెట్టి తెల్లారి పెట్టండి.

వంకాయ, టమాట, మిరపలకు నారు పోయవలె. ఇక్కడే కొత్తవారు ఎక్కువగా దెబ్బతింటారు. రాత్రి నిటారుగా ఉన్న నారు తెల్లారేసరికి మొదలు దగ్గర మెత్తబడి వరసగా ఒరిగిపోతుంది. పురుగు కొరికిందని కొందరు, దిష్టి తగిలిందని కొందరు అంటారు. అది మట్టిలోని బూజు తెచ్చే నారుకుళ్ళు. గింజలు ఒత్తుగా చల్లినా, మడిలో నీరు నిలిచినా వస్తుంది. వానకాలంలో మడిని నేలకంటె జానెడు ఎత్తు చేయండి. వేలెడు దూరంలో గీతలు గీసి, గింజలు పలుచగా పోసి, జల్లించిన పశువుల ఎరువు కప్పండి. పైన గడ్డి పరచి, మొలక కనిపించిన రోజే తీసేయండి. డబ్బాకు అడుగున చిల్లులు పొడిస్తే నీరు చల్లడానికి అదే చాలు. కుళ్ళు కనిపిస్తే నీరు తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడిసేలా పోయాలి. టమాట నారు సుమారు నాలుగు వారాలకు, వంకాయ ఐదు వారాలకు, మిరప ఆరు వారాలకు నాటేందుకు వస్తుంది. నాటడం సాయంత్రం పెట్టుకోండి.

తీగ జాతుల్లో మొదట వచ్చేవి ఎక్కువగా మగపూలు. కాయ పట్టలేదని తీగ పీకేసేవారున్నారు, తొందరపడకండి. పువ్వు వెనుక చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు. తేనెటీగలు రాకపోతే మగపువ్వు కోసి దాని పుప్పొడిని ఆడపువ్వుకు తాకించండి. గుమ్మడికి ఉదయం, బీరకు, సొరకు సాయంత్రం, పూలు విచ్చే వేళన.

పండ్ల మాటకొస్తే బొప్పాయి, సీతాఫలం గింజతో వస్తవి. బొప్పాయి గింజ మీది జిగురు పొరను బూడిదతో రుద్ది తీసేయాలి. ఆడ, మగ వేరువేరుగా వచ్చే రకమైతే గుంటకు మూడు మొక్కలు పెట్టి, పూత చూశాక మగవి తగ్గించండి. మామిడి టెంక పాతి అదే పండు రావాలంటే కుదరదు, అంటుమొక్క తెచ్చుకోవడమే మేలు.

ఇక సొంత విత్తనం. సంకర రకాల కాయనుంచి తీసిన గింజ తల్లిని పోలదు, దానికి శ్రమపడకండి. మన వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ, పచ్చళ్ళకు పెట్టింది పేరు. ఇలాంటి నాటురకం గింజ దాచుకోదగినదే. కాని పక్కనే ఘాటు మిరప ఉంటే ఈగలు పుప్పొడి కలిపేస్తవి, మరుసటేడు కారం మారిపోతుంది. అందుచేత మంచి చెట్టును ఎంచి, మొగ్గలుండగానే ఒక కొమ్మకు పలుచని గుడ్డసంచి కట్టండి. పిందె దిగాక సంచి విప్పి, ఆ కొమ్మకు రంగుదారం చుట్టండి. కాయ చెట్టుమీదనే పూర్తిగా పండాలి. గింజలు తీసి, నీడలో బాగా ఆరబెట్టి, మూత గట్టి సీసాలో పోసి, రకం పేరు, తేదీ రాసిన చీటీ లోపల వేయండి.