సుగ్గికి పోయిన బిడ్డను ఏ లెక్కలో వెతకాలి?

పత్తికొండ, ఆలూరు, ఆదోని ప్రాంతాల్లో వాన మొహం చాటేస్తే దళితవాడల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోతాయి. ఈ వలసనే ఇక్కడ సుగ్గి అంటారు. ఇంటి దగ్గర చూసుకునే అవ్వాతాతలు లేకపోతే పిల్లలూ వెంట పోవాల్సిందే. పెద్దలు కాయ కోస్తుంటే పదేళ్ల పిల్ల చేను గట్టున తమ్ముణ్ణి ఆడిస్తుంటుంది.

ఊర్లో మాత్రం ఆ పిల్ల పేరు బడి రిజిస్టర్‌లో, తమ్ముడి పేరు అంగన్‌వాడీ జాబితాలో అలాగే ఉండిపోవచ్చు. ఒక అంగన్‌వాడీలో 30 మంది పిల్లలుంటే 10 మంది సుగ్గికి పోయారనుకుందాం. మిగిలిన 20 మందిని తూచి, 18 మంది బరువు సరిగ్గా ఉందని తేలితే నివేదికలో 90 శాతం అని పడుతుంది. తూకానికి రాని ఆ 10 మంది ఏ శాతంలోనూ లేరు. ఆకలికి, చదువు ఆగిపోవడానికి అందరికన్నా దగ్గరగా ఉన్నది వాళ్లే.

అందుకే శిశు సంక్షేమాన్ని కొలిచే పద్ధతే మారాలని మేము అంటున్నాం. పేర్లు ఎన్ని, భవనాలు ఎన్ని అని కాదు, ఒక్కో బిడ్డకు ఏడాది పొడవునా ఏం అందిందో చూడాలి. ఎన్ని రోజులు తిండి అందింది? ఎన్ని రోజులు బడికి పోయింది? సీజనల్ హాస్టల్ తల్లిదండ్రులు బయల్దేరకముందే తెరిచారా, పోయాక తెరిచారా? ఈ లెక్కలు కులం వారీగా, వాడ వారీగా ఉండాలి. ఊరి సగటులో మాదిగవాడ కనబడదు.

ఇది దయ అడగడం కాదు. 2009 విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల రికార్డు ఉంచడం, వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించడం స్థానిక సంస్థల బాధ్యత. టీసీ ఆలస్యమైందన్న సాకుతో ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండటానికి 5వ సెక్షన్ ఒప్పుకోదు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారాన్ని 2013 ఆహార భద్రతా చట్టం హక్కుగా ఇచ్చింది.

మన ఊర్లోనే మొదలుపెడదాం. నవంబరులో వాడ పిల్లల జాబితా రాసుకుందాం. ఫిబ్రవరిలో అదే జాబితాతో మళ్లీ ఇల్లిల్లూ తిరుగుదాం. ఆ రెండు నెలల బడి హాజరు, అంగన్‌వాడీ తూకం వివరాలను సమాచార హక్కు కింద అడుగుదాం. 30 రోజుల్లో జవాబివ్వాలి. వాళ్ల కాగితం, మన జాబితా పక్కపక్కన పెడితే ఏ బిడ్డ తప్పిపోయిందో పేరుతో సహా తేలుతుంది. ఆ పేర్లతోనే మండల అధికారుల ముందు కూర్చుందాం.