ఈ వేషం ఎవరికి నప్పుతుంది? - అభిమాని తీర్పు, విమర్శకుని బాధ్యత

సినిమాను గురించి మన సాహిత్యపత్రికల్లో వచ్చే వ్యాసాలు సాధారణంగా కథతో మొదలవుతాయి. ఇతివృత్తం ఏమిటి, అది ఏ వర్గం ప్రయోజనాలను కాపాడుతోంది, ముగింపు పరిష్కారమా పలాయనమా అన్న చర్చ జరుగుతుంది. పాత్రధారుల ప్రస్తావన చివరి పేరాలో వస్తుంది. "ఫలానావారు తమ పాత్రలకు న్యాయం చేకూర్చారు" అన్న వాక్యంతో ఆ పని ముగుస్తుంది. అభిమాని ధోరణి ఇందుకు పూర్తిగా భిన్నం. అతను పాత్రధారులతోనే మొదలుపెడతాడు. "ఆ వేషానికి వాడే సరిపోయాడు", "ఈయనకది నప్పలేదు", "అక్కడ ఇంకొకడుంటే బొమ్మ లేచిపోయేది" అంటాడు. దీన్ని వీరాభిమానమని కొట్టిపారేయడం మనకు అలవాటు. కాని సినిమా నిర్మాణంలో అతి కీలకమైన ఒక నిర్ణయాన్ని అభిమాని ఈ మాటల్లో పరీక్షకు పెడుతున్నాడు. ఏ ముఖానికి ఏ గుణం తగిలించాలి, ఏ నోట ఏ యాస పలికించాలి అన్న నిర్ణయం అది. ఆ తీర్పులో ఎంత విమర్శ ఉంది, ఎంత భక్తి ఉంది అన్నది విడదీసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు తల్లాడ వంటి ఊరు మంచి పరిశీలనాస్థలం. ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో, కొత్తగూడెం రోడ్డు చీలే కూడలి అది. దక్షిణానికి కొంతదూరం పోతే పాత కృష్ణాజిల్లా. కొత్తగూడెం దాటితే భద్రాచలం అడవి. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచి వేరుపడింది. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పుగోదావరి నుంచి వచ్చి ఇందులో కలిసింది. 2016లో కొత్తగూడెం, భద్రాచలం వైపంతా మళ్ళీ వేరే జిల్లా అయింది. అందువల్ల ఈ దారిమీద పెరిగిన ప్రేక్షకుడి చెవికి రెండు యాసలు తెలుసు. పొలం తెలుసు, అడవి తెలుసు. సాయుధపోరాటం గురించి పెద్దల నోట విన్న జ్ఞాపకం ఉంది. తెరమీది మనిషిని అతను ఈ తెలివిడితోనే కొలుస్తాడు.

అభిమాని దగ్గర రెండు కొలతలుంటాయి. మొదటిది అలవాటు. తన నటుణ్ణి ఇదివరకు ఎలా చూశాడో ఇప్పుడూ అలాగే చూడాలనుకుంటాడు. రెండవది అనుభవం. రైతు నాగలి ఎలా పడతాడో, దొర ముందు మనిషి ఎలా నిలబడతాడో అతనికి తెలుసు. ఆ తెలిసినదానితో తెరను సరిచూస్తాడు. మొదటి కొలత పరిశ్రమ అతనికి నేర్పింది. రెండవది బతుకు నేర్పింది. ఒకే మనిషి ఒకే సాయంత్రం ఈ రెండింటితోనూ మాట్లాడతాడు. విమర్శకుడు చేయవలసిన మొదటిపని ఏ మాట ఏ కొలతనుంచి వచ్చిందో పోల్చుకోవడం.

కె.వి.రెడ్డి తీసిన 'మాయాబజార్' (1957)ను తలవని అభిమాని ఉండడు. కృష్ణుడంటే రామారావే, ఘటోత్కచుడంటే రంగారావే అని అందరూ అంటారు. ఇది చాలావరకు అలవాటు మాట్లాడే మాట. కాని సావిత్రి గురించి అతను చెప్పేది వినండి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె నడిచినప్పుడు "అక్కడ సావిత్రి లేదు, రంగారావున్నాడు" అంటాడు. ఒక నటి తన పాత్రను ఆడుతూనే ఇంకొక నటుడి నడకను, చూపును, మీసం దువ్వే అలవాటును ఆవాహన చేసిందన్న సంగతి ఆ ఒక్కమాటలో ఉంది. పాత్ర వేరు, నటి వేరు, నటన ఆ రెండింటిమధ్య జరిగే పని అన్న సిద్ధాంతం అతనికి తెలియకపోవచ్చు. దాని సారాంశం మాత్రం అతను పట్టుకున్నాడు.

సాహిత్య విద్యార్థులకు దీనికంటె చిక్కైన ఉదాహరణ 'కన్యాశుల్కం' (1955). పి.పుల్లయ్య దర్శకత్వంలో మధురవాణిగా సావిత్రి, రామప్పపంతులుగా సి.యస్.ఆర్., లుబ్ధావధానులుగా గోవిందరాజుల సుబ్బారావు నటించారు. ఈ ఎంపికలను నాటకం చదివినవారు కూడా మెచ్చుకుంటారు. చిక్కు గిరీశంతో వస్తుంది. ఆ వేషం రామారావుది. 'పాతాళభైరవి', 'మల్లీశ్వరి' (1951) వచ్చి అప్పటికి నాలుగేళ్లయింది. 'మిస్సమ్మ' ఆ ఏడాదే వచ్చింది. ప్రేక్షకుడు అతన్ని కథానాయకుడిగా మనసులో నిలుపుకున్నాడు. గురజాడ గిరీశం మాటలతో బతికే మనిషి. అతని చదువూ సంస్కరణాభిమానమూ ఎదుటివారిని బుట్టలో వేసుకోవడానికి పనికివచ్చే సరుకు. ఆ మనిషి ముఖం కథానాయకుడి ముఖమైనప్పుడు అతని మోసాన్ని ప్రేక్షకుడు చిలిపితనంగా క్షమిస్తాడు. నటుడు బాగా చేశాడా లేదా అన్నది ఇక్కడ సమస్య కాదు. నటుడితోపాటు తెరమీదికి అతని పాత పాత్రలన్నీ నడిచివస్తాయి. తారాబలం పాత్రలోని విషాన్ని పలచన చేస్తుంది. "గిరీశం మంచోడే గదా" అని అభిమాని అన్నప్పుడు మనం అతన్ని తప్పుపట్టడం కాదు, ఆ మంచితనం గురజాడ రాసిందా, ఎంపిక తెచ్చిపెట్టిందా అని అడగాలి.

ఒకప్పుడు పాత్రను చూసి నటుణ్ణి వెదికేవారు. గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' (1939)లో రైతు వేషానికి రంగస్థల మహానటుడు బళ్లారి రాఘవను తీసుకున్నాడు. జమీందార్లు ఆ చిత్రాన్ని చూసి బెదిరి నిషేధం తెప్పించారు. 'రోజులు మారాయి' (1955)లో నాగేశ్వరరావు రైతుగా కనిపించినప్పుడు కూడా కథకే పెద్దపీట. 1970ల నాటికి ఈ వరస తలకిందులైంది. నటుడు ముందు కుదురుతాడు, అతనికి తగ్గట్టు కథ అల్లుతారు. 'అడవి రాముడు' (1977) ఇందుకు నమూనా. అడవిలోని జనాన్ని బయటినుంచి వచ్చిన అటవీ అధికారి కాపాడతాడు. అడవి జనం అతని చుట్టూ ఆడిపాడే గుంపు. భద్రాచలం దారిలో పెరిగిన ప్రేక్షకుడు ఆ సినిమాను పదిసార్లు చూసి ఈలవేసి ఉండవచ్చు. అయినా మన అడవిలో ఏనుగుల గుంపులు లేవనీ, మన కోయవాడు అటవీ అధికారిని చూస్తే పాటపాడడనీ అతనికి తెలుసు. ఆ రెండవ తెలివిడి ఈల మోతలో వినబడదు. ఓపికగా అడిగితే చెబుతాడు.

1980 ఈ చర్చలో మరవరాని సంవత్సరం. ఫిబ్రవరిలో 'శంకరాభరణం' వచ్చింది, మార్చిలో 'మా భూమి' వచ్చింది. మొదటిదానిలో శంకరశాస్త్రి జె.వి.సోమయాజులు. రెవెన్యూశాఖలో ఉద్యోగి, నాటకాల మనిషి, కథానాయకుడి వయసు దాటినవాడు. రెండవదానిలో రామయ్య వేషం సాయిచంద్‌ది. రచయిత త్రిపురనేని గోపీచంద్ కుమారుడు, తెరకు కొత్త. బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించిన ఈ చిత్రానికి దర్శకుడు బెంగాలీ అయిన గౌతమ్ ఘోష్, ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. బండి యాదగిరి పాటను గద్దర్ తెరమీద కనిపిస్తూ పాడాడు. రెండు చిత్రాల భావజాలాలు వేరువేరు. ఒకటి శాస్త్రీయ సంప్రదాయాన్ని పునరుద్ధరించాలంటుంది, ఒకటి భూమికోసం తిరగబడమంటుంది. కాని రెండూ ఒకే సంగతి రుజువుచేశాయి. తారలు లేకపోతే జనం చూడరన్నది పెట్టుబడిదారు చెప్పే మాట, ప్రేక్షకుడి మాట కాదు. పాత్రకు తగిన ముఖం చూపిస్తే ప్రేక్షకుడు తన అలవాటును పక్కన పెట్టగలడు.

అయితే "తగిన ముఖం" అంటే ఏమిటి? రైతు వేషం రైతే వేయాలనా? అలా అనుకుంటే సాయిచంద్ వెట్టివాడి కొడుకుగా పనికిరాడు. మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977)లో వెంకయ్యగా వాసుదేవరావు నటించాడు. అతను కన్నడ నటుడు, అంతకుముందు 'చోమన దుడి'లో దళిత కూలీగా జాతీయ బహుమతి పొందినవాడు. కోడలు నీలమ్మ వేషం వేసిన మమతాశంకర్ బెంగాలీ. 'దాసి' (1988)లో గడీలో మగ్గిపోయే కమలాక్షిగా అర్చన చేసిన నటనకు జాతీయ ఉత్తమనటి బహుమతి వచ్చింది. వీరందరూ ఆ బతుకుల్లో పుట్టలేదు. ఆ బతుకుల భారాన్ని శరీరంలోకి తెచ్చుకోవడానికి శ్రమ చేశారు. కమలాక్షి మాటలు తక్కువ. వంగిన వీపు, ఎత్తని కళ్లు, పిలుపు వినగానే ఉలికిపడే తీరు ఆమె స్థితిని చెబుతాయి. అనుభవంతో చూసే ప్రేక్షకుడు ఒప్పుకునేది ఈ శ్రమను. అతనికి జన్మపత్రం అక్కర్లేదు.

ఇక్కడితో ఆగితే సగం నిజమే చెప్పినట్టవుతుంది. శ్రమతో ఎవరైనా ఎవరి వేషమైనా వేయగలరన్నది నిజమైతే, ఆ తలుపు అందరికీ తెరిచి ఉండాలి. 'మాలపిల్ల' (1938)లో కథానాయిక కాంచనమాల. ఆనాటి అందాల తార దళిత యువతిగా కనిపిస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు. మలయాళంలో తొలి కథాచిత్రం 'విగతకుమారన్'లో పి.కె.రోజీ అనే దళిత స్త్రీ నాయర్ యువతి వేషం వేసింది. అగ్రకులాలవారు దాడిచేసి ఆమెను ఊరు విడిచిపోయేలా తరిమారు. "నప్పడం" అన్నమాట వెనుక అందమూ అభినయమూ మాత్రమే లేవనీ, ఎవరు ఎవరిగా కనిపించవచ్చునన్న కులశాసనం కూడా ఉందనీ ఈ రెండు సంగతులు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

భాష విషయంలోనూ ఇదే శాసనం నడిచింది. 'ప్రతిఘటన' (1985) అభ్యుదయ చిత్రంగా పేరుపొందింది. రౌడీ రాజకీయాన్ని ఎదిరించిన అధ్యాపకురాలిగా విజయశాంతిని మరచిపోలేం. ఆ చిత్రంలోనే కాశయ్య అనే మంత్రిగా కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మాట్లాడి గొప్ప పేరు తెచ్చుకున్నాడు. ఆయన కృష్ణాజిల్లా కంకిపాడువాడు. నటుడిగా ఆయన సాధించినది కొట్టివేయలేనిది. కాని నీతి మాట్లాడేవాళ్లకు ఒక భాష, దుర్మార్గానికి, నవ్వులాటకు ఇంకొక భాష అన్న పంపకం అభ్యుదయ చిత్రంలో కూడా మార్పులేకుండా సాగింది. తల్లాడ ప్రేక్షకుడు ఇంట్లో ఒక యాస, బజార్లో ఒక యాస మాట్లాడతాడు. కాశయ్యను చూసి పగలబడి నవ్వినవాడు, ఇంటికి వెళ్లి అమ్మతో ఆ యాసలోనే మాట్లాడాడు. ఆ నవ్వులో కొంత తనమీద తాను నవ్వుకోవడం ఉంది.

ఈ పంపకం మారడానికి చాలా కాలం పట్టింది. ప్రియదర్శి 2016లో 'పెళ్లి చూపులు'లో తెలంగాణ యాసతో నవ్వించే స్నేహితుడు. 2019లో 'మల్లేశం'లో ఆసుయంత్రం కనిపెట్టిన చేనేత కార్మికుడిగా అతనే కథానాయకుడు. 2023లో వచ్చిన 'బలగం'లో చావింటి కథంతా ఆ యాసలోనే నడిచింది. పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరంతా కలిసి ఆ సినిమాను చూశారు. అదే యాస ఏడుపుకూ అలకకూ తగాదాకూ రాజీకీ సరిపోయింది. నవ్వుకు మాత్రమే నప్పుతుందన్నది పరిశ్రమ అల్లిన అబద్ధమని తేలింది.

అడవి వీరుల విషయం ఇంకా మిగిలే ఉంది. 'అల్లూరి సీతారామరాజు' (1974)లో కృష్ణ నటన అభిమానుల జాబితాల్లో ఎప్పుడూ ముందుంటుంది. 1922-24 తిరుగుబాటును ఆ తరానికి తెరమీద చూపిన చిత్రమది. కాని గాం గంటందొర, మల్లుదొర ఎవరని అడిగితే, ఆ వేషాలు వేసిందెవరో చెప్పగల అభిమానులు తక్కువ. కొమురం భీం జీవితంమీద అల్లాణి శ్రీధర్ 1990లో భూపాల్‌రెడ్డి కథానాయకుడిగా తీసిన చిత్రం ఇరవై ఏళ్లకు గాని థియేటర్లకు రాలేదు. 2022లో 'ఆర్ఆర్ఆర్' భీంను ప్రపంచానికంతా పరిచయం చేసింది. చిన్న ఎన్టీఆర్ ఆ వేషంలో పడిన కష్టం తెరమీద కనిపిస్తుంది. అయితే చివర భీం తనకు చదువు నేర్పమని రామరాజును అడుగుతాడు. జల్, జంగిల్, జమీన్ అన్న మాటలు రామరాజు చేతిరాతలో వస్తాయి. ఆ నినాదం గోండు పోరాటానిది. సాహు, అల్లం రాజయ్యల 'కొమురం భీం' నవల చదివినవారికి ఇక్కడ ముల్లు గుచ్చుకుంటుంది. ఇద్దరు తారలకు సమానమైన నిడివి పంచారు గాని, జ్ఞానం పంచడంలో ఒకరిని గురువుగా, ఇంకొకరిని శిష్యుడిగా నిలబెట్టారు. అభిమాని "ఎవరు బాగా చేశారు" అని తగువుపడతాడు. "ఎవరికేమిచ్చారు" అన్న ప్రశ్న మనం దానికి జోడించాలి.

అభిమాని తీర్పులన్నీ విమర్శ కావు. తన నటుడు చావకూడదనీ, ఓడకూడదనీ అతను పట్టుబట్టినప్పుడు కథ కుంటుపడుతుంది. అభిమానం కులంగా, గుంపుగా గడ్డకట్టినప్పుడు అనుభవం నోరు మూసుకుంటుంది. దాన్ని మనం నిర్మొహమాటంగా చెప్పాలి. కాని చెప్పేముందు వినాలి. తల్లాడ కూడలిలో బస్సుకోసం నిలబడి "ఆయనకది నప్పలేదు" అన్న మనిషిని "ఎందుకు నప్పలేదు?" అని అడగాలి. నాగలి పట్టిన తీరా, పలికిన యాసా, నిలబడిన ఠీవా అని మరొక్క ప్రశ్న వెయ్యాలి. రెండవ జవాబుకల్లా అతను నటుణ్ణి వదిలి తన ఊరి మనిషి గురించి మాట్లాడటం మొదలుపెడతాడు. రచయితలకు, సాహిత్య విద్యార్థులకు కావలసిన విమర్శ అక్కడ మొదలవుతుంది.